గురజాడ అప్పారావుగారి పద్యపు నడక

విశాఖపట్టణమునకు ఓడరేవును ఉక్కు కర్మాగారమును రాకపూర్వమే ఆ మండలమొక మహాకవిని గన్నది. 1862 సెప్టెంబరు 21వ తేదీన సర్వసిద్ధి రాయవరమున జన్మించిన గురజాడ అప్పారావుగారు ఛందస్సును చెఱచిరని పండితులు కొందఱు మొరపెట్టుకొనిరి. ఆ మొర యెంతవఱకు న్యాయమో విచారింపదగియున్నది.

వారి చదువు చీపురుపల్లిలో ప్రారంభమై విజయనగరమున సాగినది. పిదప అచ్చటి మహారాజా కళాశాలలో నధ్యాపకులై, ఆనంద గజపతి మహారాజుగారి యాదరమునకు పాత్రులైరి. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కపు సంగతి యెల్లరెఱిగినదే. మనకిచ్చట ముఖ్యమైనది 1910వ సంవత్సరము. ఆంధ్రభారతి పత్రికలో ముత్యాలసరములు వెలువడిన యేడది.

ఈ ఛందస్సున మొదటి మూడు పాదములకును తలకొక 14 మాత్రలు: మూడును నాలుగును, మరల మూడును నాలుగును. నాల్గవ పాదము 7 మొదలు 14 మాత్రల వఱకు కవి యిచ్ఛననుసరించి నిలుచును. మన ప్రాచీనమైన వృషభగతి రగడకు పాదమునకు 28 మాత్రలు, ఏడేసి మాత్రల గణములు నాలుగు. ఆ పాదమును నడుమ విఱిచి, తుదిని వలసినంత కుఱుచ చేసినచో ముత్యాలసరమగును. కావున అప్పారావుగారు నడకను విడువలేదు, విడిచినది ప్రాసనిర్బంధమును. ప్రతిపాదమున రెండవ యక్షరము కలియవలెనను నియమము కవులచేత నెన్ని వ్యర్థపదములను పెట్టించినదో పద్యము వ్రాయ యత్నించినవారికి దెలియును. మన గ్రామములలో నట్టివారికి కొదువ లేదు. కుఱుచయైన తుదిపాదమున చెవి యొక క్షణము నిలిచి, తక్కువపడిన మాత్రలను మౌనముతో పూరించుకొనును. కవి చెప్పదలచిన మాట యచ్చటనే మనసున నాటును.

పూర్ణమ్మ కథకు వారు వేఱు నడకను గ్రహించిరి. అది నాలుగేసి మాత్రలది, మన స్త్రీల పాటలకు దగ్గఱిది. ముదుసలికి కట్టబెట్టబడిన పూజారి కూతురు ఒంటిగా దుర్గ కొలనికేగి యింటికి రాకపోయిన కథ యది. ప్రారంభమున మూడు పాదములును సంబోధనలతోనే ముగియుటచే అంత్యప్రాస దానంతట నదియే యేర్పడినది. పెక్కు చరణములు ఆ పిల్ల పేరితోనే ముగియును. మొదట నది ముద్దుపేరువలె వినబడును. పెండ్లియైన పిదప అదే పేరు విలాపమగును. పేరిలో నక్షరమొక్కటియు మాఱలేదు, వినువాని గుండె మాఱినది. పునరుక్తి దోషమని లక్షణగ్రంథములలో చదివినవారు ఈ కథను ఒకమాఱు పాడించుకొని వినవలెను.

వారి దేశభక్తి గీతము సైతము 14 మాత్రల నడకయే. పాదాంతములందు పిలుపుమాటలు మరల మరల వచ్చుచుండును. ఛందస్సు పేరైన నెఱుగని పిల్లలు బడిలో దానిని తాళము తప్పక పాడుటకు హేతువిదియే.

వ్యావహారికమునకై 1914లో అసమ్మతిపత్రము వ్రాసిన యా మహాశయుడు, తన్నుగూర్చి యిట్లు గ్రాంథికమున వ్రాయుట చూచిన నవ్వియుండును. 1915 నవంబరు 30వ తేదీన విజయనగరమున వారు స్వర్గస్థులైరి. అప్పటికి వారికి 53 ఏండ్లు, ముత్యాలసరమునకు అయిదేండ్లు.