సైకిలునకు యంత్రము పూన్చిన గ్లెన్ కర్టిస్

గ్రంథములు చదివి నేర్చుకొను విద్య యొకటి. చేతులతో చేసి, చెడినదానిని విప్పి, తిరిగి చేసి నేర్చుకొను విద్య మరియొకటి. ఈ రెండవ విద్యకు ఉత్తమ నిదర్శనముగా నిలిచినవారిలో అమెరికా దేశీయుడగు గ్లెన్ హామండ్ కర్టిస్ ఒకడు. విమాన నిర్మాతగా అతని పేరు చరిత్రకెక్కినది. కాని ఆ కీర్తికి పునాది పడినది ఒక పల్లెటూరి సైకిలు దుకాణములో.

కర్టిస్ 1878 మే 21వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని హామండ్స్‌పోర్టు గ్రామమున జన్మించెను. క్యూకా సరస్సు చెంత, ద్రాక్షతోటలు గల కొండల నడుమ నున్న చిన్న ఊరది. నాలుగేండ్ల ప్రాయముననే అతనికి పితృవియోగము కలిగెను. చెల్లెలు రూథా జబ్బుచేసి వినికిడిని కోల్పోయెను. ఆమెను బధిరుల పాఠశాలలో చేర్చుటకై కుటుంబము రోచెస్టరు నగరమునకు తరలిపోయెను. కర్టిస్ చదువు ఎనిమిదవ తరగతితో ముగిసెను. పిమ్మట అతడు ఈస్ట్‌మన్ ఫిల్ము కర్మాగారములో పనికి కుదిరి, అక్కడ ముద్రవేయు పని త్వరగా సాగుటకు ఒక చిన్న సాధనమును కల్పించెను. కొంతకాలము సైకిలుపై తిరుగుచు తంతివార్తలు అందజేసెను. సైకిలు పందెములలోను పాల్గొని గెలుపొందెను. స్వగ్రామమునకు మరలివచ్చి, 1898లో లీనా నెఫ్ అను యువతిని వివాహమాడి, సైకిళ్ళ దుకాణము తెరచెను.

ఊరి చుట్టును కొండలే. కాలిబలముతో ఎక్కుట కష్టము. సైకిలునకు పెట్రోలు యంత్రమును పూన్చినచో నేమని అతనికి తోచెను. 1901 ప్రాంతమున బఫెలో నగరములోని థామస్ కంపెనీనుండి అతడు ఒక చిన్న యంత్రపు భాగములను తెప్పించెను. వచ్చినవి పోతపోసిన ముడి భాగములు మాత్రమే. వాటిని నునుపుచేసి కూర్చుకొను భారము కొన్నవానిదే. ఎట్లు కూర్చవలెనో తెలుపు కాగితమైనను వెంట రాలేదు. పెట్రోలును గాలితో తగుపాళ్ళలో కలిపి యంత్రమునకు అందించు కార్బురేటరు లేదు. కర్టిస్ వంటింటిలోని టొమాటో డబ్బాతో దానిని తయారుచేసికొనెను.

ఆ యంత్రము నడచెను. కాని దానికి బలము చాలలేదు. అతడు నిరాశ చెందక అంతకంటె పెద్ద యంత్రపు భాగములను తెప్పించెను. ఈ పర్యాయము బలము కలిగెను గాని, బరువు మితిమీరెను; దాని అదరులకు సైకిలు చట్రము తట్టుకొనలేకపోయెను. ఈ రెండు వైఫల్యములనుండి అతడు గ్రహించిన పాఠము గొప్పది. యంత్రమునకు బలమొక్కటియే చాలదు, తేలికయొక్కటియే చాలదు. బరువునకు తగిన బలముండవలెను. అంతట ఒకరి యంత్రమునకై ఎదురుచూచుట మాని, తానే ఒకదానిని రూపొందించెను. అట్లు పుట్టిన మోటారు సైకిళ్ళు తొలుత హెర్క్యులిస్ అను పేర విక్రయింపబడెను.

తన బండిని తానే పరీక్షించుట కర్టిస్ పద్ధతి. ఒక సిలిండరు చాలదని తోచగా రెండు సిలిండర్ల యంత్రమును నిర్మించి, 1903 మే 30న న్యూయార్కులో జరిగిన కొండయెక్కు పందెములో గెలిచెను. 1904 జనవరిలో ఫ్లోరిడాలోని ఆర్మండ్ సముద్రతీరమున పది మైళ్ళ దూరమును 8 నిమిషముల 54 సెకండ్లకు కొంచెము మించిన కాలములో దాటెను.

తేలికయై బలముగల యంత్రమును కోరువారు మరియొకరు కలరు. వారు ఆకాశయాత్రికులు. బెలూను విన్యాసములలో ప్రసిద్ధుడైన థామస్ బాల్డ్విన్ కర్టిస్ యంత్రమును తెప్పించి తన గాలియోడకు అమర్చెను. కాలిఫోర్నియా ఆరో అను ఆ యోడ 1904 ఆగస్టులో ఓక్లండు నగరమున ఎగిరి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చెను. సైకిలునకై పుట్టిన యంత్రము ఇట్లు నింగికెగసెను.

1907 జనవరిలో కర్టిస్ మరల ఆర్మండ్ తీరమునకు వెళ్ళెను. ఈసారి అతడు తెచ్చినది ఎనిమిది సిలిండర్లు, నలుబది గుఱ్ఱముల బలము గల యంత్రమును మోయు బండి. ఆకాశయానమునకై నిర్మించిన యంత్రమది. తోలుపట్టా అంతటి శక్తికి ఆగదు గనుక ఉక్కు ఇరుసు ద్వారా చక్రమును త్రిప్పునట్లు అమర్చెను. ఒక మైలును 26.4 సెకండ్లలో, అనగా గంటకు 136 మైళ్ళకు పైబడిన వేగముతో దాటెను. తిరుగు పరుగులో ఇరుసు కీలు విరిగిపోగా, అతడు ప్రాణములతో బయటపడెను. రెండవ పరుగు పూర్తికానందున ఆ వేగము అధికారిక రికార్డు కాలేదు. అయినను ప్రజలు అతనిని లోకములోకెల్ల వేగవంతుడని కొనియాడిరి. ఆ బండి స్మిత్‌సోనియన్ సంస్థవారి సంగ్రహములో భద్రముగా నున్నది.

అదే సంవత్సరము టెలిఫోను నిర్మాతయగు అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన విమానప్రయోగ సంఘములో అతనిని చేర్చుకొనెను. 1908 జులై 4న కర్టిస్ జూన్ బగ్ అను విమానమును ప్రజలయెదుట ఒక కిలోమీటరునకు మించి నడపి సైంటిఫిక్ అమెరికన్ పత్రికవారి బహుమతి నందుకొనెను. 1910 మే 29న ఆల్బనీనుండి న్యూయార్కు వరకు ఎగిరెను. 1911లో నీటిపైనుండి లేచి నీటిపైననే దిగు విమానమును సాధించెను. రైట్ సోదరులు పేటెంటు హక్కులకై అతనిపై వేసిన వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగి, న్యాయస్థానములలో వారికే అనుకూలమయ్యెను. కాని 1929లో ఆ రెండు పేర్లును ఒకే సంస్థ పేరులో కలిసినవి.

1930 జులై 23న, ఆంత్రపుచ్ఛమునకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, కర్టిస్ బఫెలో నగరమున కన్నుమూసెను. అప్పటికి అతని వయస్సు ఏబదిరెండేండ్లు. తొలి యంత్రపు ముడి భాగములు అతనికి వచ్చినది ఆ నగరమునుండియే.

కర్టిస్ పట్టభద్రుడు కాడు, ధనవంతుని బిడ్డ కాడు. చేసినది ఎందుకు చెడినదో తెలిసికొనక మరియొకటి చేయువాడు కాడు. బలము చాలని యంత్రము అతనికి మొదటి గురువు; బరువు మించిన యంత్రము రెండవ గురువు. బడిలో తప్పిన లెక్కను తుడిచివేయు విద్యార్థి, తుడుచుటకు ముందు అది ఎచ్చట తప్పినదో ఒక్క క్షణము చూచినచో, ఆ గురువులే అతనికిని పాఠము చెప్పుదురు.