డాక్టర్ సుభాష్ ముఖర్జీ: మరణించిన 16 ఏళ్లకు దక్కిన గుర్తింపు

భారతదేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు 1978 అక్టోబరు 3న కలకత్తాలో జన్మించింది. ప్రపంచంలోనే మొదటిదైన లూయిస్ బ్రౌన్ ఇంగ్లండులో పుట్టి అప్పటికి పది వారాలే అయింది. 'దుర్గ'గా ప్రసిద్ధమైన ఆ పాప జననానికి కారకుడు డాక్టర్ సుభాష్ ముఖర్జీ. ఆ ఘనత మాత్రం ఆయన జీవించి ఉండగా దక్కలేదు.

ముఖర్జీ 1931 జనవరి 16న, నేటి ఝార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో జన్మించారు. కలకత్తాలో శరీరధర్మశాస్త్రం చదివి, 1955లో వైద్యపట్టా పొందారు. 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి, 1967లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్లు సాధించారు. పునరుత్పత్తి హార్మోన్లే ఆయన పరిశోధనా రంగం. స్వదేశానికి తిరిగివచ్చి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో బోధించారు.

శీతల జీవశాస్త్ర నిపుణుడు సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్య నిపుణుడు సరోజ్ కాంతి భట్టాచార్య ఆయన సహచరులు. ఇంగ్లండు వైద్యులు సహజ ఋతుచక్రంలో పక్వమైన ఒకే అండాన్ని గ్రహించారు. ముఖర్జీ హార్మోన్లతో ఎక్కువ అండాలు పక్వమయ్యేట్లు చేశారు. ఫలదీకరించిన పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి, మరో ఋతుచక్రంలో గర్భాశయంలో ప్రవేశపెట్టారు. గడ్డకట్టించిన పిండంతో శిశుజననం ఆస్ట్రేలియాలో 1984లో గానీ సాధ్యం కాలేదు. నేడు సంతాన సాఫల్య కేంద్రాలలో ఈ రెండు పద్ధతులూ నిత్యకృత్యాలు.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 1978 నవంబరులో ఆయన వాదనను తిరస్కరించింది. ఆ రంగంలో అనుభవమున్నవారెవరూ ఆ సంఘంలో లేరు. సామాజిక కళంకానికి భయపడి తల్లిదండ్రులు బయటకు రాలేదు. మరుసటి ఏడు జపాన్‌లో ప్రసంగించే ఆహ్వానం వచ్చినా ప్రభుత్వం అనుమతించలేదు. 1981 జూన్‌లో ఆయనను తన పరిశోధనతో సంబంధంలేని నేత్రవైద్య సంస్థకు బదిలీ చేశారు. జూన్ 19న ఆయన బలవన్మరణానికి పాల్పడ్డారు. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్లు.

1986లో ముంబయిలో పుట్టిన హర్షను దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువుగా అందరూ అంగీకరించారు. ఆ విజయంలో ప్రధాన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్. 1997లో ముఖర్జీ రాతప్రతులు ఆయన చేతికందాయి. వాటిని పరిశీలించి, ఆ ఘనత తనది కాదని, ముఖర్జీదేనని 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించారు. 2003లో, తన 25వ పుట్టినరోజున, దుర్గ స్వయంగా ప్రపంచం ముందుకు వచ్చారు. అధికార సంఘం కొట్టివేసిన సత్యాన్ని, ఆ ఘనతను వదులుకోవలసిన శాస్త్రవేత్తే నిలబెట్టారు.