మహాకవి జాషువా జీవితం మన ముందుంచే ప్రశ్న

మహాకవి గుర్రం జాషువా మన వినుకొండ బిడ్డ. 1895 సెప్టెంబరు 28న జన్మించారు. తండ్రి వీరయ్య యాదవ కులంలో పుట్టి క్రీస్తును నమ్ముకున్న పాస్టరు. తల్లి లింగమ్మ మాదిగ. ఇంట్లో ప్రార్థన ఉన్నా వీధిలో కులం పోలేదు.

బడిలోను, కవుల సభల్లోను ఆయనను అంటరానివాడిగానే చూశారు. సంస్కృతం నేర్చుకుని పురాణ కథలపై పద్యాలు రాస్తే మన సంఘమూ సహించలేదు, ఆ కుటుంబాన్ని వెలివేసింది. ఒకరికి ఆయన పుట్టుక అడ్డమైతే, మరొకరికి ఆయన చదువు అడ్డమైంది.

అయినా ఆయన కలం ఏ మతానికీ దూరం కాలేదు. పారశీక కవి ఫిరదౌసి మీద రాశారు, గాంధీజీ మీద రాశారు, క్రీస్తు చరిత్ర రాశారు. 1941లో వెలువడిన గబ్బిలం కావ్యంలో ఆకలిగొన్న ఒక అరుంధతీసుతుడు తన మొరను గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి పంపుకుంటాడు. మనిషికి లేని ఆలయ ప్రవేశం ఆ గబ్బిలానికి ఉంది!

తొమ్మిదేళ్లకు మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 25వ అధికరణం నచ్చిన మతాన్ని అవలంబించే స్వేచ్ఛనిచ్చింది. కానీ అదే 1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చోటు దొరికింది. దళిత క్రైస్తవులు, ముస్లింలు మాత్రం బయటే ఉండిపోయారు.

జాషువాను దేశం గౌరవించింది. 1964లో క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ పురస్కారం, అదే ఏడు శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

క్రైస్తవంలో కులం లేదు గనుక ఆ గుర్తింపు అక్కరలేదని కొందరంటారు. బోధలో లేదన్నది నిజమే. మిరప చేలలో కూలికి వెళ్లే మన విశ్వాసిని ఊరు ఏ పేరుతో పిలుస్తుందో వారు వచ్చి వినాలి. అన్యాయాన్ని కొలిచేటప్పుడు ప్రభుత్వం బాధితుని మతం అడగకూడదని మేము నమ్ముతున్నాము.

అయితే ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. పెళ్లి సంబంధాల్లో, సంఘ ఎన్నికల్లో, సమాధుల తోటల్లో కులం చూసినంతకాలం మన విన్నపానికి బలం ఉండదు. జాషువాను వెలివేసినది గుడి ఒక్కటే కాదని మరువకుందాము.