గాలి టైరును లోకానికి పరిచయం చేసిన పశువైద్యుడు – జాన్ బోయిడ్ డన్‌లప్

మన చీపురుపల్లి రోడ్ల మీద రోజూ ఎన్ని చక్రాలు తిరుగుతాయో ఎప్పుడైనా గమనించారా? మనం బడికి తొక్కే సైకిలు, ఆటో, ధాన్యం బస్తాల టైరు బండి, ట్రాక్టరు వెనుక తొట్టి – వీటన్నిటి బరువునూ మోసేది టైరులో బిగించిన గాలి. ఈ గాలి టైరును వాడుకలోకి తెచ్చిన మహనీయుడు ఒక పశువైద్యుడంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

జననం – విద్య

జాన్ బోయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండులోని డ్రెగ్‌హార్న్ అనే పల్లెలో పుట్టాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివాడు. 1867లో ఐర్లాండుకు వెళ్లి స్థిరపడ్డాడు. తర్వాత బెల్‌ఫాస్ట్ నగరంలో ఆయన వైద్యశాల బాగా పేరు తెచ్చుకుంది. ఆ రోజుల్లో బళ్లు లాగేవి గుర్రాలే. గుర్రాలకు వైద్యం చేయడమే ఆయనకు ముఖ్యమైన పని.

సైకిలు నుంచి పుట్టిన ఆలోచన

అప్పట్లో సైకిళ్లకు గట్టి రబ్బరు పట్టీలో, ఇనుప పట్టాలో ఉండేవి. రాళ్లు పరచిన వీధుల్లో వాటిని తొక్కితే ఒళ్లు హూనమయ్యేది. డన్‌లప్ చిన్న కొడుకు జానీకి ఒక మూడు చక్రాల సైకిలుండేది. దాని కుదుపు తగ్గించే ఉపాయం కోసం 1887లో తండ్రి ప్రయోగాలు మొదలుపెట్టాడు. రబ్బరు రేకుతో గొట్టం చేసి, ఒక చెక్క చక్రం చుట్టూ బిగించి, పైన గుడ్డ చుట్టి, గాలి నింపాడు. ఆ చక్రాన్నీ, సైకిలు మామూలు చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. గాలి నింపిన చక్రమే చాలా దూరం పోయింది. 1888 ఫిబ్రవరిలో కొడుకు సైకిలు వెనుక చక్రాలకు అవే అమర్చాడు. అదే ఏడాది డిసెంబరు 7న ఆయనకు పేటెంటు లభించింది.

దీని వెనుక ఉన్న సూత్రం తేలికైనదే. గట్టి చక్రానికి రాయి అడ్డు వస్తే చక్రం మొత్తం పైకి లేవాలి. దానికి బలం వృథా అవుతుంది. గాలి టైరయితే రాయి తగిలిన చోట మాత్రమే నొక్కుకుని, మళ్లీ ఉబ్బుతుంది. బండి సాఫీగా పోతుంది.

పందెం గెలుపు – పేటెంటు ఓటమి

1889 మే నెలలో విలియం హ్యూమ్ అనే సైకిలు వీరుడు ఈ టైర్లతో బెల్‌ఫాస్ట్‌లో పందేలు గెలిచాడు. దాంతో హార్వే డ్యూ క్రో అనే వ్యాపారి ముందుకొచ్చాడు. అదే ఏడాది డబ్లిన్‌లో కంపెనీ ఏర్పడింది. కానీ మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లాండు దేశస్థుడు 1845లోనే గాలి చక్రానికి పేటెంటు పొంది ఉన్నాడు. అప్పటికి సైకిళ్లు లేవు, తగిన రబ్బరు ఖరీదైనది. అందుకే లోకం దాన్ని మరచిపోయింది. డన్‌లప్‌కు ఆ సంగతి తెలియదు. అయినా పేటెంటు చెల్లకుండా పోయింది. కంపెనీ మాత్రం టైరు చక్రానికి బిగించే పద్ధతుల పేటెంట్లు సంపాదించి నిలబడింది.

డన్‌లప్ 1895లో కంపెనీ నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఆ కంపెనీ 30 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. పేరు ఆయనది, సంపద ఇతరులది. ఆయన 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో కన్నుమూశాడు.

మరో చేదు నిజం

టైర్లకు గిరాకీ పెరగడంతో రబ్బరుకూ గిరాకీ పెరిగింది. బెల్జియం రాజు లియోపోల్డ్ పాలించిన ఆఫ్రికాలోని కాంగోలో అడవి రబ్బరు కోసం ప్రజల చేత వెట్టిచాకిరీ చేయించారు. ఎదురు తిరిగిన ఊళ్లను తగలబెట్టారు, మనుషుల చేతులు నరికారు. ప్రపంచమంతా నిరసన తెలిపాక 1908లో రాజు చేతుల్లోంచి ఆ దేశం తొలగిపోయింది. ఈ పాపం డన్‌లప్‌ది కాదు. కానీ ఏ వస్తువు వెనుక ఎవరి చెమట, ఎవరి రక్తం ఉన్నాయో చదువుకున్న మనం తెలుసుకోవాలి.

మన ఊళ్లకు చేసిన మేలు

1936లో పశ్చిమ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ నెలకొంది. తర్వాతి కాలంలో అది మూతపడింది. మన దేశంలో పశువులు లాగే బండ్లకు ప్రత్యేకంగా ఏ.డి.వి. టైర్లు తయారయ్యాయి. నాటు బండి కంటే టైరు బండిని మంచి రోడ్డు మీద ఎడ్లు సులువుగా లాగుతాయి. గుర్రాల వైద్యుడి ఆవిష్కరణ ఎడ్లకూ ఉపకరించడం ఎంత సముచితం!

అయితే ఆ మేలు నిలవాలంటే జాగ్రత్త అవసరం. బండి కట్టే ఇళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లు ఈ నాలుగు మాటలు ఇంట్లో చెప్పండి. టైరు పక్కన ముద్రించిన బరువుకు మించి వేయరాదు. గాలి తగ్గితే లాగుడు బరువెక్కుతుంది, టైరు వేడెక్కి పగులుతుంది. రెండు పక్కలా ఒకే సైజు టైర్లు, సమానమైన గాలి ఉండాలి. హబ్బులో బేరింగులకు గ్రీజు ఎండిపోనివ్వరాదు. చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పితే గరగర శబ్దం వచ్చినా, అటూ ఇటూ ఊగినా వెంటనే విప్పి చూపించాలి. నట్లను ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని బిగించాలి. టైరు బండి పల్లంలో దానంతటదే దొర్లిపోతుంది, ఆ బరువంతా ఎడ్ల మెడ మీద పడుతుంది. కాబట్టి బ్రేకు తప్పనిసరి.

మనకు పాఠం

డన్‌లప్ ఇంజనీరింగు చదవలేదు. కళ్లెదుట ఉన్న ఇబ్బందిని చూసి, దొరికిన రబ్బరు, గుడ్డ, చెక్కతో ప్రయత్నించాడు. మన పొరుగున గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉంది. మన హాస్టలు నుంచి అక్కడికి చేరే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉండాలని, వారు పశువు కష్టాన్నీ మనిషి కష్టాన్నీ ఒకే కంటితో చూడాలని కోరుకుంటున్నాను.