మదనమోహన మాలవీయ

చేయి చాచుట ఎవరికిని ప్రియమైన పని కాదు. యాచించువాని మాట తడబడును, తల వంగును. కాని తన కడుపు కొరకు యాచించుట వేరు, పదిమంది పిల్లల చదువు కొరకు యాచించుట వేరు. ఈ రెండవ యాచననే జీవితవ్రతముగా చేసికొనిన మహనీయుడు పండిత మదనమోహన మాలవీయ.

మాలవీయగారు 1861వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రయాగలో జన్మించిరి. వారి తండ్రి వ్రజనాథులు భాగవత పురాణము చెప్పి జీవించు పండితులు. ఆ యింట విద్య కలదు గాని ధనము లేదు. మదనమోహనులు కష్టపడి చదివి 1884లో కలకత్తా విశ్వవిద్యాలయపు బి.ఏ. పట్టమును పొందిరి. కొంతకాలము ఉపాధ్యాయులుగా పనిచేసిరి. 1886లో కలకత్తా కాంగ్రెసు మహాసభలో వారు చేసిన ఉపన్యాసము పెద్దల మెప్పును పొందెను. పిదప పత్రికా సంపాదకులైరి. న్యాయశాస్త్రము నభ్యసించి అలహాబాదు హైకోర్టులో పేరుగన్న వకీలైరి. 1909లో లాహోరు కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి.

కీర్తియు ధనమును వచ్చి చేరినను, మాలవీయగారి మనస్సున ఒక కోరిక మెదలుచుండెను. ఆ కాలమున మన దేశమున విశ్వవిద్యాలయములు మిక్కిలి తక్కువ. అవియు ముఖ్యముగా పరీక్షలు జరిపి పట్టము లిచ్చునవే. గురువులును శిష్యులును ఒకేచోట నివసించుచు, ప్రాచీన శాస్త్రములతోపాటు యంత్రశాస్త్రమును, రసాయనశాస్త్రమును కూడ అభ్యసించునట్టి విద్యాలయము కాశీనగరమున వెలయవలెనని వారి ఆశయము. అట్టి విద్యాలయమునకు నాలుగు గదుల మేడ చాలదు. విద్యార్థుల వసతిగృహములు, ప్రయోగశాలలు, ఆటస్థలములు, ఆచార్యుల యిండ్లు, ఇవన్నియు కావలెను. అన్నిటికన్న ముందు విశాలమైన భూమి కావలెను.

కాశీలో 1898లో అనీబిసెంటు అమ్మగారు సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించి యుండిరి. 1911లో ఆమెయు మాలవీయగారును కలిసి పనిచేయుటకు నిశ్చయించుకొనిరి. దర్భంగా మహారాజు రామేశ్వర సింహులు కూడ వారికి తోడైరి. కోటి రూపాయలు సమకూర్చవలెనని సంకల్పించి, మాలవీయగారు తమ వకీలు వృత్తిని విడిచి దేశమంతయు సంచరించిరి. రాజులు లక్ష లిచ్చిరి. పేదలు తమ చేతనున్న చిల్లర నాణెముల నిచ్చిరి. రెంటిని వారు సమానమైన ఆదరముతో స్వీకరించిరి.

1915లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ శాసనము ఆమోదింపబడెను. అనీబిసెంటు అమ్మగారు తమ కళాశాలను, దాని భవనములతో సహా విశ్వవిద్యాలయమునకు అప్పగించిరి. తాము పెంచిన బిడ్డను మరియొక యింటికి దత్తత యిచ్చుట వంటిది ఆ త్యాగము. కాని ఆ కళాశాల నగరములోని కమచ్ఛా ప్రాంతమున నుండెను. అచట విస్తరించుటకు తావు లేదు.

అప్పుడు కాశీ మహారాజు ప్రభునారాయణ సింహుల ఔదార్యము తోడ్పడెను. నగరమునకు దక్షిణమున, గంగాతీరమునకు చేరువ, నగవా ప్రాంతమున ఇంచుమించు 1,300 ఎకరముల నేల విశ్వవిద్యాలయమునకు లభించెను. సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు ఎంత దూరము నడువగలరో అంత నేల యిత్తునని రాజు పలుకగా, మాలవీయగారు దినమంతయు నడచిరని కాశీ ప్రజలు కథగా చెప్పుకొందురు. కథ యెట్లున్నను, ఆ నేల శూన్యమైన బయలు కాదు. అందు పొలములు, తోపులు, బావులు, రైతుల యిండ్లు ఉండెను. తాతల నాటినుండి దున్నిన మడిని విడుచుట కర్షకునకు ఎంత కష్టము! రాజుల దానమును లోకము జ్ఞప్తియం దుంచుకొనును. ఆ మడులను విడిచిన వారి పేర్లను మన మెరుగము. అచట చదువుకొను ప్రతి విద్యార్థియు వారికి కూడ ఋణపడి యున్నాడు.

1916 ఫిబ్రవరి 4వ తేదీన రాజప్రతినిధి హార్డింజి ప్రభువు శంకుస్థాపన చేసెను. కాని ఆ స్థలము నదికి మిక్కిలి దగ్గర. గంగ పొంగినపుడు అచట భవనములకు ప్రమాదము కలదని తేలెను. రాజప్రతినిధి వేసిన రాయి కదా యని మాలవీయగారు పట్టుదలకు పోలేదు. నదికి దూరముగా, సురక్షితమైన చోట భవనములను నిర్మింపజేసిరి. కాబోవు తరముల విద్యార్థుల క్షేమము ముందు తమ పంతము వారికి పెద్దది కాలేదు.

1917లో పాత కళాశాలలోనే విశ్వవిద్యాలయ బోధన ప్రారంభమయ్యెను. ఇంతలో క్రొత్త నేలమీద అర్ధచంద్రాకారముగా వీథులు తీర్చబడెను. ఒక వరుస కళాశాలలు, వాని వెనుక వసతిగృహములు, ఆటస్థలములు వెలసెను. 1921 డిసెంబరులో ఆంగ్ల యువరాజు నూతన భవనములకు ప్రారంభోత్సవము చేసెను. మాలవీయగారు 1919 మొదలు 1938 వరకు ఉపాధ్యక్షులుగా ఆ సంస్థను పెంచిరి. దేహము సడలగా, అంతకుముందు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారికి ఆ భారము నప్పగించిరి.

1946 నవంబరు 12వ తేదీన మాలవీయగారు కాశీలో కన్నుమూసిరి. దేశ స్వాతంత్ర్యమును చూచు భాగ్యము వారికి కలుగలేదు. 2014లో భారత ప్రభుత్వము వారికి భారతరత్న బిరుదమును ప్రకటించెను. విశ్వవిద్యాలయము అటుపిమ్మట మిర్జాపూరు సమీపమున బర్కఛాలో మరియొక విశాల ప్రాంగణమును సంపాదించి విస్తరించినది.

జీవితమంతయు చేయి చాచిన మాలవీయగారు ఆ చేతిలో పడిన దానిని తమ కొరకు దాచుకొనలేదు. ఎందరో యిచ్చిన నేల, ఎందరో విడిచిన నేల నేడు విద్యాక్షేత్రమై పండుచున్నది. విద్యార్థులారా! మీరు కూర్చుండు బడి యే నేలమీద నిలిచినదో, ఆ నేల యెవరిదై యుండెనో ఒకమారు పెద్దల నడిగి తెలిసికొనుడు. శ్రద్ధగా చదువుటయే ఆ ఋణమును తీర్చు మార్గము.