బోదకాలు మాత్ర, బ్లడ్ క్యాన్సర్ మందు.. రెండింటి వెనకా ఒకే తెలుగాయన! ఎవరీ ఎల్లాప్రగడ సుబ్బారావు?

నల్గొండ జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి బోదకాలు మాత్రలు మింగించడం కొత్తేం కాదు. నాగార్జునసాగర్‌కు దగ్గర్లో ఉన్న పెద్దవూర వైపు కూడా ఆ మాత్ర పేరు చెబితే చాలామంది గుర్తుపడతారు. డీఈసీ అంటారు దాన్ని. ఇదే ప్రాంతంలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ బస్సెక్కి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి దారి పడతారు. అక్కడ కొన్ని రకాల క్యాన్సర్లకు వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. బోదకాలుకు ఒకటి, క్యాన్సర్‌కు ఒకటి.. ఈ రెండూ బయటికొచ్చింది ఒకే ల్యాబ్ నుంచి. ఆ ల్యాబ్‌ను నడిపించింది ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. చిన్నప్పుడే ఇల్లొదిలి కాశీకి బయల్దేరారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి బాగా సంపాదించాలన్నది ఆలోచన. తల్లి వెంకమ్మ వెనక్కి పట్టుకొచ్చి బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత సన్యాసుల్లో కలుస్తానంటే తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు సాయం చేసిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరినే పెళ్లాడారు.

కాలేజీలోనూ సాఫీగా సాగలేదు. గాంధీ పిలుపు విని ఖాదీ గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లేవారు. తెల్లదొర ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ రాలేదు, అంతకంటే తక్కువైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. ఆ జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. ఇంగ్లీష్ వైద్యం చదివి ఆయుర్వేదంలోకి వచ్చిన ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారని చెబుతారు. తర్వాత మద్రాసులో అదే లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు.

అంటే ప్రపంచానికి కీమో మందు ఇచ్చిన మనిషి ఒకప్పుడు ఆయుర్వేదం కాలేజీ మాస్టారు. ఇది చాలామందికి తెలియదు. ఆయనకు ఆ వైద్యం మీద చిన్నచూపు లేదు. కానీ ఒక మందు పని చేస్తే అందులో పని చేసేది ఏంటి, ఎంత ఇస్తే ఎంత చేస్తుంది అన్నది తేల్చాలనుకున్నారు. దానికి కెమిస్ట్రీ కావాలి. అందుకే 1920ల మొదట్లో ఓడెక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. మూడేళ్లలో వచ్చేస్తానని భార్యకు చెప్పి వెళ్లారు.

చేతిలో డబ్బుల్లేవు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగే పని. అక్కడే సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరి, 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరి పేరుతోనే అది పుస్తకాల్లోకెక్కింది. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో బయటపెట్టారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

అసలు కథ అక్కడే మొదలైంది. గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్‌లోని ఏదో పదార్థంతో తగ్గుతోందని 1930ల మొదట్లోనే బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్ అనే డాక్టర్ గమనించారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. సుబ్బారావు టీం 1945లో దాన్ని ల్యాబ్‌లో తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే లేచి తిరిగారు. తన అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకు మందు ఆయన చేతుల్లోంచే వచ్చింది, పాతికేళ్లు ఆలస్యంగా.

అప్పుడు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టర్‌కు ఒక ఆలోచన వచ్చింది. రొమ్ములో గడ్డ ఉంటే కోసి తీయొచ్చు, గర్భాశయ ముఖద్వారంలో ఉంటే రేడియేషన్ ఇవ్వొచ్చు. బ్లడ్ క్యాన్సర్‌లో కోయడానికి గడ్డ ఎక్కడుంది? ఆ రోజుల్లో ఆ పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోయేవారు. రక్తానికి బలం కదా అని లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకం మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా పెరిగింది!

బలం మందు క్యాన్సర్ కణాలకే బలమైంది. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏకి ఫోలిక్ యాసిడ్ కావాలి. వేగంగా చీలే కణం ఎక్కువ తింటుంది. మరి ఆ తిండి ఆపేస్తే? అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ పని చేయని నకిలీ అణువులు కావాలి. వాటిని సుబ్బారావు ల్యాబ్ తయారు చేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1947 డిసెంబర్ చివర్లో ఫార్బర్ వాడటం మొదలుపెట్టారు. ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ప్రాణం మీదికొచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. కొన్ని నెలలే, మళ్లీ తిరగబెట్టింది. కానీ మందుతో పిల్లల బ్లడ్ క్యాన్సర్ ఇలా వెనకడుగు వేయడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. గర్భసంచిలో మావి కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను 1956లో ఈ ఒక్క మందుతోనే నయం చేశారు. ఇప్పుడు పిల్లల లుకేమియాకు, కొన్ని ఎముక, రొమ్ము క్యాన్సర్లకు మిగతా మందులతో కలిపి ఇస్తారు. తక్కువ డోసులో కీళ్లవాతానికీ వాడతారు. అది వారానికి ఒక్కరోజే.. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఊళ్లలో ఇప్పటికీ కీమో నడుస్తుండగానే పక్కన పసరు, చూర్ణం, బలం మాత్రలు మొదలుపెట్టేవాళ్లున్నారు. ప్రాణాయామం, యోగా, మసాజ్ లాంటివి నీరసం, దిగులు, నిద్రలేమికి కొంత సాయపడతాయి. డాక్టర్లూ వద్దనరు. కడుపులోకి వెళ్లేవాటితోనే చిక్కు. మెథోట్రెక్సేట్ వాడుతుండగా సొంతంగా ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే మందు పని తగ్గొచ్చు. కొన్ని నొప్పి మాత్రలు కలిస్తే విషం పెరగొచ్చు. ఒక్కోసారి డాక్టర్లే ఫోలిక్ యాసిడ్ రకం మందు ఇస్తారు, కానీ గంటలు, డోసులు లెక్కగట్టి. అందుకే ఏం మింగుతున్నా డాక్టర్ ముందు దాచకూడదు. తిడతారని దాచేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఇక బోదకాలు మందు హెట్రజాన్, అంటే ఇప్పటి డీఈసీ, 1947లో అదే ల్యాబ్ నుంచి వచ్చింది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మరుసటి ఏడాదే. అవకాశం ఉన్నా సుబ్బారావు అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1948 ఆగస్టులో, ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. మన తపాలా శాఖ ఆయన స్టాంపు వేసింది 1995లో.

మూడేళ్లలో వస్తానన్న మనిషి కోసం శేషగిరి పాతికేళ్లు ఎదురుచూశారు. ఆయన మళ్లీ ఈ నేల మీద అడుగు పెట్టలేదు.