మూడోసారి పాసైన సుబ్బారావు, మన పిల్లల లెక్కల భయం



పోయిన నెల మ్యాథ్స్ యూనిట్ టెస్ట్ రోజు పొద్దున ఏడో తరగతి అమ్మాయి ఒకతె టిఫిన్ బాక్స్ మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టేసింది. ఎందుకు తినలేదని అడిగాను. అమ్మ మర్చిపోయి గుడ్డు పెట్టిందట. పరీక్ష ముందు గుడ్డు తింటే గుండు సున్నా వస్తుందని నానమ్మ చెప్పిందట. ఖాళీ కడుపుతోనే పరీక్ష రాసింది. సున్నా రాలేదు కానీ, బోర్డు మీద చేసి చూపించిన లెక్కలు కూడా ఆ రోజు తప్పు చేసింది. పేపర్ ఇచ్చాక దాన్ని బ్యాగు అడుగున దాచిపెట్టింది.

అప్పటి నుంచి నాకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తున్నారు. మీకు ఆయన పేరు తెలిసే ఉంటుంది. పరీక్షల భయం, తిండి విషయం రెండూ కలిసిన జీవితం ఆయనది. అందుకే ఈ నెల మీకు ఆయన గురించి చెప్పాలనుకున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఏడుగురు పిల్లలు, డబ్బుకు ఇబ్బంది. చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ళప్పుడు కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ పరీక్ష తప్పారు. రెండోసారీ తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాస్తే పాసయ్యారు. రెండుసార్లు తప్పిన పిల్లవాడిని ఈ రోజుల్లో మనం ఏమని పిలుస్తామో ఒక్కసారి ఆలోచించండి. ఆ తల్లి చదువు మాన్పించి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్ డిగ్రీ చేతికొచ్చింది. ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. అన్న, తమ్ముడు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఈ జబ్బులో తిన్న తిండి ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోయి మనిషి చిక్కిపోతాడు. అప్పటికి దానికి సరైన మందు లేదు.

1922లో మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో ఆయన అమెరికాలోని బోస్టన్ వెళ్ళారు. భార్య శేషగిరి గారు అప్పుడు గర్భవతి. పుట్టిన బాబు ఏడాది నిండకుండానే పోయాడు. సుబ్బారావు గారు మళ్ళీ ఇండియాకు రాలేదు, భార్యను మళ్ళీ చూడలేదు. ఆయన విజయం వెనుక ఆమె ఒంటరితనం కూడా ఉందని మన పిల్లలకు చెప్పాలి.

హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చుల కోసం రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశారు. 1925లో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే రంగు ముదురుగా, తక్కువుంటే లేతగా ఉంటుంది. ఆ రంగును కొలిచి లెక్క కడతారు. మీ పిల్లల పుస్తకంలో రేషియో అండ్ ప్రపోర్షన్ అనే చాప్టర్ ఉందే, అదే ఇది. ఈ కొలత సాయంతోనే 1929లో కండరాల్లో ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుక్కున్నారు. మనం తిన్న అన్నం, జొన్నరొట్టె, పప్పు, గుడ్డు వీటిలోని శక్తి చివరికి ఏటీపీ రూపంలోకి వస్తేనే శరీరంలో ఏ పనైనా జరుగుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు 20 శాతం మెదడుకే పోతుంది. ఖాళీ కడుపుతో లెక్కలు చేయమనడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. ఇది బి విటమిన్లలో ఒకటి. పాలకూర నుంచి వేరుచేసినవాళ్ళు లాటిన్‌లో ఆకు అనే మాట తీసుకుని దానికి ఆ పేరు పెట్టారు. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు ఈ ఫోలిక్ యాసిడే మందుగా ఉపయోగపడింది. దాని పనిని అడ్డుకునే అమైనోప్టెరిన్ అనే మందును కూడా ఆ బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న చిన్నపిల్లలకు ఇస్తే జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. పిల్లల క్యాన్సర్ చికిత్సకు అది తొలి అడుగు. బోదకాలు జబ్బుకు ఇచ్చే హెట్రజాన్ కూడా ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు.

అమ్మలూ, మీరు గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్ ఫోలిక్ యాసిడ్ మాత్ర రాసిచ్చే ఉంటారు. కడుపులో బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగ్గా ఏర్పడటానికి అది కావాలి. మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఆ మనిషి మేలు మీ బిడ్డకు పుట్టకముందే అందింది.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం. గుడ్డు తింటే సున్నా వస్తుందని, రాత్రి ఆకుకూర తినకూడదని, అరటిపండు తింటే జలుబు చేస్తుందని, బాదంపప్పు తింటే లెక్కలు వచ్చేస్తాయని పిల్లలకు చెబుతుంటాం. ప్రేమతోనే చెబుతాం. కానీ గుడ్డుకు, మార్కులకు ఏ సంబంధమూ లేదు. బాదం మంచి తిండే, అయినా అది భిన్నాలు నేర్పదు. పడని పదార్థం ఏదైనా ఉంటే డాక్టర్ చెప్పినట్టు మానాలి. లేకపోతే పాలకూర, పుంటికూర, పెసర్లు, శనగలు, గుడ్డు పరీక్ష రోజైనా పెట్టండి. ఆకుకూరను మరీ ఎక్కువసేపు ఉడికిస్తే ఫోలిక్ యాసిడ్ పోతుంది, కొంచెం చూసుకోండి.

లెక్కలు మా వంశంలో ఎవరికీ రావు అనే మాట కూడా అలాంటి అపోహే. నేనూ చిన్నప్పుడు ఆ మాట విన్నదాన్నే. పదో తరగతి దాకా మ్యాథ్స్ పీరియడ్ అంటే కడుపులో నొప్పి వచ్చేది. భయపడే పిల్లకు బుర్రలో సగం చోటు ఆ భయానికే పోతుంది, లెక్కకు మిగిలేది తక్కువ. కాబట్టి ఆ మాట పిల్లల ముందు అనకండి. అంగడికి తీసుకుపోయి పావుకిలో టమాటకు ఎంతవుతుందో లెక్క కట్టమనండి. తప్పు చెబితే నవ్వకండి, మళ్ళీ అడగండి.

మొన్నటి స్లిప్ టెస్ట్ రోజు ఆ అమ్మాయి గుడ్డు తిని వచ్చింది. వాళ్ళ నానమ్మే ఒలిచి పెట్టిందట. మార్కులు మూడే పెరిగాయి. కానీ ఈసారి పేపర్ దాచలేదు. ఎక్కడ తప్పు పోయిందో చెప్పమని నా దగ్గరికే తెచ్చింది.